పడిశమును చులకన చేయరాదు

"పడిశము పది రోగముల పెట్టు" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను ఎఱుగనివారు లేరు. పాటించువారు మాత్రము కొందఱే. ఏటేట ఒకే ఋతువున తుమ్ములతో బాధపడు బాలుని చూచి, "నాలుగు దినములలో అదియే పోవును" అని యూరకుందుము. ఈ యుపేక్ష తగదని నా యభిప్రాయము.

ఋతువు ననుసరించి వచ్చు తుమ్ములన్నియు చలిచేత కలుగునవి కావు. ఇంగ్లండు వైద్యుడగు చార్లెస్ బ్లాక్లీ తన శరీరముమీదనే పరీక్షలు చేసికొని, గడ్డిపూల పుప్పొడియే ఇట్టి బాధకు కారణమని 1873లో ప్రకటించెను. హాని చేయని పుప్పొడిని శరీరము శత్రువుగా నెంచి పోరాడుటయే ఎలర్జీ. ఆ పోరాటమున హిస్టమిను అను పదార్థము వెలువడి, ముక్కులోపలి పొర వాచును; నీరు కాఱును; కన్నులు దురదపెట్టును.

నల్లమల పాదమున ఊటనీటితో పచ్చగా నుండు మహానంది సీమలో పుప్పొడికి కొదువ లేదు. సర్కారు తుమ్మను 1877లో కడప మండలమందలి కమలాపురమున నాటిరి. నేడది రాయలసీమ బీళ్లన్నిట కలదు. వయ్యారిభామ యను కలుపుమొక్క 1955-56 ప్రాంతమున పూనాలో కనబడి, పిదప దేశమంతట వ్యాపించెను. ఈ రెంటి పుప్పొడియు ఎలర్జీని కలిగించునదే.

ఇక దీనికిని పీనసమునకును గల సంబంధమేమి? నొసటను, చెక్కిళ్ల వెనుకను, కన్నుల నడుమను, ముక్కు వెనుకను గల యెముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. వీనినే సైనసులందురు. ఇవి సన్నని ద్వారములగుండ ముక్కులోనికి తెఱచికొనును. పొర వాచినచో ఆ ద్వారములు మూసికొని, శ్లేష్మము లోపలనే నిలిచిపోవును. నిలువనీటిలో పాచి పెరిగినట్లు అందు సూక్ష్మజీవులు పెరుగును. ఈ వాపు 12 వారములు దాటినచో దీర్ఘవ్యాధి యనిపించుకొనును. ఎలర్జీ గలవారికందఱికిని ఇది రాదు. ఇది గలవారందఱికిని ఎలర్జీ యుండదు. అయినను పెక్కుమందిలో ఒకటి రెండవదానికి దోహదము చేయుచున్నది.

ముక్కుదిబ్బడచే రాత్రియంతయు నిద్రలేక, తలబరువుతో తరగతిలో కునుకు బాలుని సోమరియని దండించుట న్యాయమా? ఉపాధ్యాయులు దండింపకముందు ఒక్కమాట విచారింపవలెను. తలిదండ్రులు బాధ ఏ మాసమున మొదలై ఎప్పుడు తగ్గుచున్నదో వ్రాసి యుంచి వైద్యునకు చూపవలెను. వైద్యుడు చెప్పినచో ఉప్పునీటితో ముక్కు కడుగవచ్చును. కాని ఆ నీరు కాచి చల్లార్చినదై యుండవలెను. కోనేటినీరు ఎంత తేటయైనను దీనికి పనికిరాదు.

పాఠశాలకును ఒక విధి కలదు. వానలు పడిన పిమ్మట, వయ్యారిభామ పూయకముందే, ఆవరణలోని మొక్కలను వేళ్లతో పెఱికించవలెను. అది చర్మమునకును హాని చేయును గనుక చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ ఉండవలెను. ఎలర్జీ గల పిల్లలను ఆ పనికి పంపరాదు.

విద్యార్థులారా! పొరుగువానిని ప్రేమింపవలెనని ప్రార్థనవేళ వినుచున్నాము. ప్రక్క బల్లమీద తుమ్ముచున్నవాడును మన పొరుగువాడే. వానిని చూచి నవ్వక, వానికి మంచిగాలి దొరకునట్లు చేయుదము.