నొప్పి బిళ్ళా, మొహం క్రీమూ, నా చేతులూ

"ఈ నొప్పి బిళ్ళలు ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారమ్మా?" అని అడిగారు కిడ్నీ డాక్టరుగారు. మా అత్తగారు జవాబు చెప్పకుండా నా వైపు చూశారు. తప్పు నా మీదకి నెట్టాలని కాదు. ఆవిడకి నిజంగా తెలీదు. తెచ్చేదాన్ని నేను, గ్లాసుడు నీళ్ళిచ్చి మింగించేదాన్ని నేను.

"రెండేళ్ళయి ఉంటుందండీ" అన్నాను.

"రోజూనా?"

"పొద్దున్నే ఒకటి. చలికాలం అయితే రాత్రి కూడా ఇంకోటి."

ఆయన ఏమీ అనలేదు, రాసుకున్నారంతే. తిడితే బాగుండుననిపించింది. చేతిలో ఉన్న కాగితం మీద క్రియాటినిన్ 2.1 అని ఉంది. ఆడవాళ్ళకి ఒకటి దగ్గర్లో ఉండాల్సిన అంకె అది.

ఇది ఎలా మొదలయిందో చెప్తాను, ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదని నా అనుమానం. రెండేళ్ళ కిందట ఆవిడ మోకాళ్ళ నొప్పులకి ఎముకల డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాం. అయిదు రోజులకి బిళ్ళలు రాశాడు, ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసినవి. అయిదు రోజులూ ఆవిడ మెట్లెక్కి మేడ మీదకెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశారు. ఎనిమిదో రోజుకి నొప్పి తిరిగొచ్చింది. ఖాళీ అట్ట పట్టుకుని మందుల షాపుకి వెళ్ళి "ఇదే ఇవ్వు బాబూ" అన్నాను. ఇచ్చాడు. అంతే. ఆ తర్వాత డాక్టరు చీటీ ఎవరికీ అవసరం పడలేదు, ఖాళీ అట్టే చీటీ అయిపోయింది. అయిదు రోజుల మందు రెండేళ్ళు నడిచింది.

ఆ అట్ట మీద ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చిన్న అక్షరాల్లో రాసీ ఉంది. రెండేళ్ళలో నేనొక్కసారి కూడా అది చదవలేదు. బియ్యం బస్తా మీద ధర, పాల ప్యాకెట్టు మీద తేదీ మాత్రం రెండుసార్లు చూస్తాను.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మూత్రపిండాల్లోకి రక్తం సరిగ్గా వెళ్ళడానికి ఒంట్లో కొన్ని పదార్థాలు కాపు కాస్తుంటాయి. కడుపు లోపలి పొరని కూడా అవే కాపాడతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ ఆసిడ్ ఇవన్నీ ఒకే జాతి మందులు. నొప్పిని అణిచేటప్పుడు ఆ కాపునీ అణిచేస్తాయి. వయసులో ఉన్నవాళ్ళు నాలుగు రోజులు వాడితే మామూలుగా తట్టుకుంటారు. కానీ మా అత్తగారికి డెబ్భై ఒకటి. బీపీకి టెల్మిసార్టాన్, దానితో కలిపి ఒంట్లో నీరు లాగేసే మందు కూడా వేసుకుంటారు. ఆ రెండింటికీ ఈ నొప్పి బిళ్ళ తోడైతే కిడ్నీలకి ముప్పేట దెబ్బట. ఎండాకాలం చెమటలు పట్టినప్పుడూ, విరేచనాలైనప్పుడూ మరీ ప్రమాదమట. పైగా ఈ బిళ్ళలే బీపీనీ పెంచుతాయి. బీపీ తగ్గడం లేదని ఆ మధ్య మేం బీపీ మందు డోసు పెంచుకున్నాం కూడా!

బి.ఏ. తెలుగు చదివిన పుణ్యాన ఇంటికొచ్చాక నాకు "మందు" అన్న మాట మీదకి పోయింది మనసు. పొలంలో పురుగులకి కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, మగాళ్ళు సీసాలో తాగేదీ మందే, జబ్బుకి మింగేదీ మందే. మన భాష ముందే హెచ్చరించింది, వినే చెవులే లేవు.

అత్తగారి సంగతి సరే, నా సంగతి చూద్దాం. నడుం నొప్పి వస్తే నేనేం చేస్తాను? పడుకోను. బిళ్ళ వేసుకుని గిన్నెలు తోముతాను. నెలసరి మొదటి రోజు మెఫెనమిక్ ఆసిడ్ బిళ్ళ వేసుకుని చపాతీలు వత్తుతాను. మనలో చాలామంది ఇంతేగా. నొప్పి తగ్గాలని కాదు మనం బిళ్ళ వేసుకునేది, పని ఆగకూడదని. ఒళ్ళు "ఇవాళ్టికి చాలు" అని చెప్పే మాటే నొప్పి. ఆ నోరు నొక్కి మరీ పని చేయిస్తాం. జాగ్రత్తలు ఎన్ని చెప్పినా మనకి ఎక్కకపోవడానికి కారణం చదువు లేకపోవడం కాదు, పొయ్యి దగ్గర మన బదులు నిలబడే మనిషి లేకపోవడం.

ఉపవాసాల రోజు ఇంకా ఘోరం. కార్తీక సోమవారం పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టం, మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది, కాసిని నీళ్ళతో ఐబుప్రొఫెన్ మింగుతాం. అన్నం తింటే వ్రతం చెడుతుంది, బిళ్ళ మింగితే చెడదు! ఈ జాతి మందులు తిన్నాకే వేసుకోవాలి. వేసుకున్నాక కడుపులో మంట వచ్చినా, విరేచనం తారులాగా నల్లగా అయినా లోపల రక్తం పోతోందేమోనని వెంటనే వైద్యుడికి చూపించుకోవాలి, మజ్జిగ తాగి ఊరుకోకూడదు. మెఫెనమిక్ ఆసిడ్ గురించి 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరికి అది వాడాక జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి లోపలి అవయవాలు కూడా దెబ్బతినొచ్చని. వేసుకోవద్దని కాదు దానర్థం. నెలకి ఒకటి రెండు రోజులు నేనూ వేసుకుంటాను ఇప్పటికీ. దద్దురు కనబడితే మాత్రం "ఏదో పడలేదులే" అనుకోకుండా మానేసి పరిగెత్తాలి.

గర్భంతో ఉన్న కోడళ్ళకీ కూతుళ్ళకీ మన డబ్బాలోంచి బిళ్ళ తీసి ఇవ్వకండి, ముఖ్యంగా ఇరవై వారాలు దాటాక ఈ జాతివి అసలు పనికిరావు. వానాకాలం జ్వరం వచ్చినప్పుడు కూడా అంతే. అది డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వేయకూడదు, రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు.

అలాగని పారాసిటమాల్ పిప్పరమెంటు బిళ్ళ కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి గరిష్ఠంగా 4 గ్రాములు. 650 బిళ్ళ అయితే ఆరు, అదీ నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో. లివరు బాగాలేనివాళ్ళకీ, మద్యం అలవాటున్నవాళ్ళకీ, మరీ బక్కపల్చటి వాళ్ళకీ అంత కూడా పనికిరాదు. కిటుకు ఎక్కడుందంటే అది వేరే పేర్లతో కూడా కడుపులోకి వెళ్తుంది. పోయినేడు మావారికి జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులు. జ్వరానికి ఒక బిళ్ళ, జలుబుకి ఒకటి, ఒళ్ళు నొప్పులకి అత్తగారి అట్టలోంచి ఒకటి. మూడు రంగులు, మూడు పేర్లు. ఈ మధ్యే కూర్చుని మూడు అట్టల వెనకా చదివాను. మూడింట్లోనూ పారాసిటమాల్ ఉంది.

ఇంతకీ ఇదంతా వెనక వైపు చదివే బుద్ధి నాకు కిడ్నీ డాక్టరు దగ్గర రాలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అంతకు ముందు ఏప్రిల్లోనే మా అమ్మాయి మొహం మీద రావాల్సింది.

అది డిగ్రీ రెండో ఏడు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఇంకో పది రోజులుందనగా మొహం మెరవాలని ఫోనులో చూసి ఏవో తెప్పించుకుంది. పది శాతం గ్లైకోలిక్ ఆసిడ్ ఉన్న సీరం ఒకటి. సాలిసిలిక్ ఆసిడ్ ఉన్న ఫేస్ వాష్ ఒకటి. రాత్రికి రెటినాల్ క్రీము. మూడూ ఒకేసారి మొదలుపెట్టింది. నేను అడ్డు చెప్పలేదు సరికదా, "ఆ సీసాలతో ఏమవుతుందే, ఇలా రా" అని నాలుగో రోజున సున్నిపిండిలో నిమ్మకాయ పిండి మొహానికి బరబరా రుద్దాను. ఆ మధ్యాహ్నమే ఒడియాలు తిరగెయ్యమని మేడ మీదకి పంపాను.

సాయంత్రానికి పిల్ల మొహం కుంకుమ పూసినట్టయింది. ముక్కు పక్కలా, కళ్ళ కిందా పొలుసులు. నీళ్ళు తగిలినా మంట. "అమ్మా, నువ్వు రుద్దావు" అంది ఏడుస్తూ. "నువ్వు పూసుకున్నావు" అన్నాను నేను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి ఒక ట్యూబు ఇచ్చింది. "ఇది రాయి, రేపటికి చల్లబడుతుంది, రంగు కూడా వస్తుంది" అని. ఆవిడ తప్పేం లేదు, వాళ్ళింట్లో అందరూ అదే రాసుకుంటారు. అదృష్టవశాత్తూ మా అమ్మాయి భయపడి రాయనివ్వలేదు. మర్నాడు చర్మ డాక్టరు ఆ ట్యూబు చూసి పక్కన పెట్టేసింది. అందులో ఉన్నది స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ ఇలాంటి పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడేనని గుర్తు పెట్టుకోండి. మొదట్లో ఎరుపు తగ్గి, రంగు తేలి, అబ్బ ఎంత బాగుందో అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలు, మొహం మీద వెంట్రుకలు వస్తాయి, మానేసిన మర్నాటి నుంచీ మండి ఎర్రబడుతుంది. అందుకే మానలేరు. మంగు మచ్చలకి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన క్రీము డాక్టర్లు కొద్ది వారాలకి రాస్తారు, మన వాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి తెల్లబడే క్రీముగా వాడేస్తున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత స్టెరాయిడ్లని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. షాపుల్లో మాత్రం అడిగితే ఇస్తూనే ఉన్నారు.

మా అమ్మాయికి ఆవిడ చెప్పిన వైద్యం ఏమీ లేకపోవడమే. అన్నీ ఆపేయడం, వాసన లేని మామూలు మాయిశ్చరైజరు, పగలు సన్‌స్క్రీను. మూడు వారాలు పట్టింది. పెళ్ళికి ఆ మొహంతోనే వెళ్ళింది. ఫొటోల్లో వెనక వరసలో ఉంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమయినంత వరకూ ఇది. ఈ ఆసిడ్లు చర్మం మీది పాత పొరని వదులు చేసి రాలగొడతాయి. సున్నిపిండి రుద్దితే జరిగేదీ అదే, కాకపోతే అది చేత్తో, ఇది రసాయనంతో. ఒకే పని చేసేవి నాలుగు కలిపితే పాత పొరతో పాటు కొత్తదీ పోతుంది. మూడు బిళ్ళల్లో ఒకే పారాసిటమాల్ లాగానే. ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టాలి. ముందు మోచేతి లోపలి వైపు నాలుగైదు రోజులు రాసి చూసుకోవాలి. తర్వాత మొహానికి వారానికి రెండు రాత్రులు. ఆ రోజుల్లో నలుగూ, నిమ్మకాయా వద్దు. గ్లైకోలిక్ ఆసిడ్ వాడుతున్నన్నాళ్ళూ, మానేసిన వారం దాకా కూడా చర్మం ఎండకి త్వరగా కమిలిపోతుంది. మన ఊళ్ళ ఎండలో సన్‌స్క్రీను లేకుండా దాని జోలికి పోకపోవడమే మేలు. గర్భిణులు రెటినాల్, ట్రెటినాయిన్ ముట్టుకోకూడదు.

ఒక వింత. మా అత్తగారి బిళ్ళలకీ, మా అమ్మాయి ఫేస్ వాష్‌కీ దూరపు చుట్టరికం ఉంది. విల్లో చెట్టు బెరడుని నొప్పులకి వాడటం పాత కాలం నుంచీ ఉంది. ఆ దారిలోనే సాలిసిలిక్ ఆసిడ్ వచ్చింది. అది కడుపుని మండిస్తోందని 1897లో జర్మనీలో బేయర్ కంపెనీ వాళ్ళు దాన్ని కాస్త మార్చి ఆస్పిరిన్ చేశారు. ఆస్పిరిన్ పడనివాళ్ళు సాలిసిలిక్ ఆసిడ్ క్రీములు వాడేముందు డాక్టర్ని అడగాలనడం కూడా అందుకే.

రెండు చోట్లా చేతులు నావే. ఒకావిడ మెట్లెక్కాలని, ఒక పిల్ల పెళ్ళిలో మెరవాలని నేను ప్రేమగానే చేశాను. మన ఇళ్ళల్లో ఆడదానికి నొప్పి ఉండకూడదు, మచ్చా ఉండకూడదు. ఈ రెండు షరతులకీ ఒప్పుకుని డబ్బా తాళం చేతిలో పెట్టుకున్న మనిషిని కాబట్టి నిందలో నా వాటా నేను తీసుకుంటున్నాను. షాపు కుర్రాడికీ, అయిదు రోజుల తర్వాత ఏం చెయ్యాలో చెప్పకుండా "నెక్స్ట్" అన్న డాక్టరుకీ వాళ్ళ వాటా వాళ్ళకుంటుంది.

ఇప్పుడు షాపులో కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి ఇస్తే తీసుకోవడం లేదు. పేరూ తేదీ ఉన్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. "మేడమ్, మీరేమన్నా డాక్టరా?" అన్నాడు మొన్న ఆ కుర్రాడు. "కాదు బాబూ, తెలుగు బి.ఏ. చదవడం వచ్చు" అన్నాను. ఇంట్లో ప్రతి అట్ట మీదా పెన్నుతో ఎవరిదో, ఎన్ని రోజులో రాసి పెడుతున్నాను. అత్తగారి బిళ్ళల జాబితా ఒక కాగితం మీద రాసి ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు అది చూపిస్తున్నాను.

ఆవిడకి ఇప్పుడు నొప్పి ఎక్కువైన రోజున పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అయిదు అంకెలు లెక్కపెడుతూ కిందకి నొక్కే వ్యాయామం పూటకి పదిసార్లు. లెక్క మనవరాలిది. "నానమ్మా, నాలుగు దగ్గరే వదిలేశావు" అని అది, "నువ్వే మెల్లిగా లెక్కపెడుతున్నావే" అని ఆవిడ. మేడ మీద మొక్కలకి నీళ్ళు మావారు పోస్తున్నారు, సగం కుండీలు మర్చిపోతూ.

పోయిన వారం పరీక్షలో క్రియాటినిన్ 1.5కి దిగింది. మామూలుకి వస్తుందో రాదో డాక్టరుగారు చెప్పలేదు. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు.