అంగడికి ముందు అరుగు

బిలాసపురములోని తెలిపారా బజారునకు పేరులోనే నూనె వాసన కలదు. తెలీలనగా గానుగ త్రిప్పువారు, పారా యనగా పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడిన పిదప పనికై ఉత్తరాంధ్రమునుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములలో పుట్టిన మా పొరుగింటి అమ్మాయి, ఆ బజారులో నువ్వులనూనె కొనుచు నన్ను చూచి, "బాబాయిగారూ, ఈ ఏడు ఆవకాయ ఫోనులో అమ్ముదామనుకుంటున్నాను, ధర ఎప్పుడు పెట్టమంటారు?" అని అడిగినది. "అడిగినప్పుడు చెప్పమ్మా" అంటిని. తొందరలో అన్న మాటయే యైనను, ఇంటికి వచ్చి ఆలోచింపగా దానికంటె మంచి మాట నాకు తోచలేదు.

1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, దాని పేరైనను ఎరుగని జనులయొద్దకు ధరతో పోలేదు. సంగీతసభలలో శ్రోతలకు ఆ పసుపుపచ్చని లేపనమును ఉచితముగా పంచిపెట్టించిరి. సభనే ఎన్నుకొనుటలోని వివేకమును నేను తలచి తలచి మెచ్చుకొందును. గంటల తరబడి కదలక కూర్చున్నవానికి నడుము పట్టును, తల బరువెక్కును. అట్టి సమయమున కణతలకు రాచుకొన్న మందు గుణమిచ్చినదో లేదో కచేరి ముగియకముందే తెలిసిపోవును. రాచుకొన్నవాని యొద్దనుండి వెడలు ఘాటు ప్రక్కవానికి సోకి, వానిచేత "అదేమిటండీ" అనిపించును. పదిమంది నడుమ పుట్టిన ఆ ప్రశ్నకు వర్తకుడు జవాబు చెప్పనక్కరలేదు, రాచుకొన్నవాడే చెప్పును. సీసా కొనని వాడును ఆ పూటకు తలనొప్పి తగ్గించుకొని ఇల్లు చేరినాడన్నమాట. నా దృష్టిలో ఆ వర్తకనీతికి ప్రాణమదియే. ఆ మందు ఆర్జించిన ధనమే 1908లో వెలువడిన ఆంధ్రపత్రికను, 1924లో వెలువడిన భారతిని పోషించినదని పెద్దలెరుగుదురు.

ఫ్రాన్సులో టైర్లు చేయు మిషెలిన్ సోదరులును 1900లో ఇట్టి త్రోవనే త్రొక్కిరి. దేశమంతటను మూడువేల మోటారుకార్లైనను లేని ఆ దినములలో, దారులును, బసలును, మరమ్మతుశాలలును తెలుపు పుస్తకమును 35,000 ప్రతులు అచ్చువేసి ఊరక పంచిరి. జనులు ప్రయాణములకు అలవాటుపడినగాని టైరు అరుగదు, టైరు అరిగినగాని క్రొత్తది కొనరు.

నేడు ఫోను తెరపై జరుగు పరిచయము పెక్కుచోట్ల ఇట్లుండదు. మనమెవరమో తెలియని వాడు మన అంకెను ఎచ్చటనో సంపాదించి, అడుగకయే తన వాట్సాప్ గ్రూపులో చేర్చుకొని, తెల్లవారకముందే శుభోదయము పలికి, మధ్యాహ్నమునకు "పది సీసాలే మిగిలినవి" అనియు, రాత్రికి "నేటితో గడువు సరి" అనియు తరుముకొని వచ్చును; మరునాడును ఆ పది సీసాలే మిగిలియుండును. ఇది పరిచయము కాదు, భయపెట్టుట. అబద్ధపు గడువుతో ఒక సీసా అమ్ముడుపోవచ్చును గాని, ఆ అబద్ధమును గుర్తించిన ఇంట రెండవ సీసా అడుగుపెట్టదు. అరుగుపై కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి క్షేమమడిగిన పిదపగాని ఇచ్చిపుచ్చుకొనుటల ప్రసంగమెత్తని యిండ్లలో పెరిగిన మనము, చేతికి ఫోను రాగానే ఆ మర్యాదను ఏల విడువవలెనో నాకు బోధపడదు.

మా పొరుగింటి అమ్మాయి మూడు వారములు ధర మాటయే ఎత్తలేదు. తన్నెరిగినవారిని ఒక్కొక్కరిని అడిగి, సరేయన్నవారికే సందేశములు పంపినది. టెంకతో కూడ కొట్టిన మామిడిముక్కలను పొడిబట్టతో తుడుచుట యెందుకో ఒకనాడు చూపినది. తడి తగిలిన ఊరగాయకు బూజు పట్టునని ఆ చిన్న వీడియో చూచినవారందరికిని తెలిసినది. మూడవనాడు జాడీ తిరుగగలిపి ఉప్పు చూచుటయు, ముక్కలపై నూనె తేలియుండవలసిన కారణమును, చంటిపిల్లలున్న ఇంట కారమును ఎట్లు తగ్గించుకొనవలెనో ఆ వివరమును, ఒకదాని వెంట ఒకటి తెలుగులోను హిందీలోను చెప్పినది. నిరుడు పెట్టిన జాడీలో ముక్క మెత్తబడిన సంగతి కూడ దాచలేదు. ఆ సందేశమునకే ఎక్కువ జవాబులు వచ్చినవట. అమ్మబోవు వస్తువులోని లోపమును అమ్మకమునకు ముందే చెప్పుట కంటె మించిన పరిచయమును నేనెరుగను.

ఇచ్చటివారు మామిడికాయ అచారును ఆవనూనెతో పెట్టుదురు. కనుక, రైల్వే క్వార్టర్లలో నుండు ఛత్తీస్‌గఢీ ఇల్లాలొకతె, "మీ అచారులో ఆవనూనె లేనిదే ఆవ ఎట్లు వచ్చినది?" అని అడిగినది. ఆవలను పచ్చిగా దంచి పొడిగా కలుపుదుమనియు, నూనె మాత్రము నువ్వులదనియు మా అమ్మాయి విపులముగా వ్రాసినది. ఆ జవాబు చదివి ధర అడిగినవారు కొందరు. అప్పుడే ధర చెప్పినది. ప్రశ్న వేసిన ఇల్లాలు మాత్రము కొనలేదు. విన్న పద్ధతిని తన వంటింటి పద్ధతితో కలిపి, ఆవపొడితోపాటు ఆవనూనెయే పోసి చిన్న జాడీ పెట్టుకొని, మూడవనాడు తిరుగగలిపి, గిన్నెడు మా అమ్మాయికి తెచ్చి యిచ్చినది. నాకును రెండు ముక్కలు వచ్చినవి. ఘాటు ముక్కునకెక్కినది గాని, వేడియన్నములో బాగున్నది.