కాలం వెనక్కి, కథ పక్కకి

సూపర్ హీరో సీరియళ్లలో దొర్లే తప్పులు రెండు రకాలు. ఒకటి కంటికి కనిపించేది, రెండోది బుద్ధికి తట్టేది. ఒక షాట్‌లో నిండుగా ఉన్న కాఫీ కప్పు తర్వాతి షాట్‌లో సగానికి తగ్గి, ఆ తర్వాత మళ్లీ నిండితే అది మొదటి రకం. సినిమావాళ్లు దాన్ని కంటిన్యుటీ తప్పడం అంటారు. కథ తనకు తాను పెట్టుకున్న నియమాన్ని తానే మరిచిపోతే అది రెండో రకం, అంటే లొసుగు. అమెరికాలో ది సీడబ్ల్యూ చానల్‌లో 2014 అక్టోబర్ 7న మొదలై 2023 మే 24న ముగిసిన ‘ది ఫ్లాష్’ సీరియల్‌లో రెండూ దొరుకుతాయి. తొమ్మిది సీజన్లు, 184 ఎపిసోడ్లు నడిచిన కథలో చిన్నాచితకా పొరపాట్లు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. పట్టించుకోవలసింది రెండో రకాన్నే.

మొదటి రకం ఎందుకు వస్తుందో తేలిగ్గానే చెప్పవచ్చు. సన్నివేశాలను కథ వరసలో తీయరు. ఒకే సన్నివేశాన్ని నాలుగు వైపుల నుంచి, పది సార్లు తీస్తారు. ఎవరి చెయ్యి ఎక్కడుంది, ముసుగు తీశాక జుట్టు ఎటు చెదిరింది అని రాసిపెట్టుకోవడానికి సెట్‌లో ఒక స్క్రిప్ట్ సూపర్‌వైజర్ ఉంటారు. మన సినిమాల్లో ఆ బరువు ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్ల నెత్తిన పడుతుంది. ఎంత రాసుకున్నా, ఎడిటింగ్ బల్ల మీద నటన బాగున్న ముక్కదే గెలుపు, కప్పులో కాఫీ ఎంతున్నా సరే. గంట నిడివి ఎపిసోడ్‌ను ఎనిమిది రోజుల్లో ముగించి మరోదానికి పరుగెత్తే చోట ఇంతకుమించి ఆశించడం అత్యాశ. ఇలాంటి తప్పుల వల్ల కథకు పోయేదేమీ లేదు.

లొసుగుల సంగతి అలా కాదు. అవి అర్థం కావాలంటే కథ మొదలు తెలియాలి. బారీ ఆలెన్ సెంట్రల్ సిటీ పోలీసు శాఖలో ఫోరెన్సిక్ ఉద్యోగి. 2000 మార్చి 18 రాత్రి, అతనికి పదకొండేళ్లప్పుడు, తల్లి నోరా ఇంట్లోనే హత్యకు గురైంది. చేయని నేరానికి తండ్రి జైలు పాలయ్యాడు. 2013 డిసెంబర్‌లో స్టార్ ల్యాబ్స్‌లో పార్టికల్ యాక్సిలరేటర్ పేలడం, బారీ మీద పిడుగు పడడం, తొమ్మిది నెలల కోమా తర్వాత అతను మెరుపు వేగంతో లేవడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. అతన్ని చేరదీసిన శాస్త్రవేత్త హారిసన్ వెల్స్ నిజానికి భవిష్యత్తు నుంచి వచ్చిన ఇయోబార్డ్ థాన్. చిన్నారి బారీని చంపబోయి, కుదరక, ఆ అక్కసుతో నోరాను చంపినవాడు అతనే. ఆ వెంటనే వేగం పోయి ఈ కాలంలో చిక్కుపడ్డాడు. తిరిగి వెళ్లాలంటే బారీ ఫ్లాష్‌గా మారాలి. అందుకే అసలు వెల్స్‌ను చంపి, అతని రూపం వేసుకుని, 2020లో రావలసిన యాక్సిలరేటర్‌ను ఏళ్ల ముందే కట్టించాడు. ఇంతవరకు అల్లిక గట్టిది. హంతకుడే గురువు, గురువు లేకపోతే హీరోయే లేడు.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఈ అల్లిక తెగింది. డిటెక్టివ్ ఎడ్డీ థాన్ ఇయోబార్డ్‌కు ముత్తాతల వరసలోని వాడు. బారీని కాపాడే దారి ఇంకేదీ కనిపించక ఎడ్డీ తన గుండెల్లో తానే కాల్చుకున్నాడు. వంశం అక్కడితో ఆగింది కాబట్టి ఇయోబార్డ్ అందరి కళ్ల ముందే చెదిరి మాయమయ్యాడు. సన్నివేశంగా చూస్తే ఈ సీరియల్ మొత్తంలో ఇంత బలమైంది మరొకటి లేదు. లెక్కగా చూస్తే మాత్రం, ఇయోబార్డ్ పుట్టనే లేదంటే నోరాను చంపిందెవరు? యాక్సిలరేటర్‌ను ముందుగా కట్టిందెవరు? తల్లి బతికి ఉండాలి, తండ్రి ఇంట్లో ఉండాలి, బారీకి పిడుగు తగలకూడదు. వీటిలో ఒక్కటీ జరగలేదు. మనిషి మాయమయ్యాడు, అతను చేసిన పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

దీన్ని కాలయానం కథలన్నిటికీ ఉండే చిక్కు అని సరిపెట్టుకోవచ్చు. ఆ వీలును రెండో సీజనే పోగొట్టింది. 2016 జనవరిలో వచ్చిన ఎపిసోడ్‌లో ఇయోబార్డ్ మళ్లీ కనిపిస్తాడు. అతను తన జీవితంలో ఇంకా తొలి రోజుల్లో ఉన్న ఇయోబార్డ్ అనీ, ఎడ్డీ చావు అతన్ని తాకకుండా, వేగానికి మూలమైన స్పీడ్ ఫోర్స్ అనే శక్తి కాపాడిందనీ చెప్పారు. సరే అనుకుందాం. బారీ అతన్ని పట్టి బంధించగానే బారీ స్నేహితుడు సిస్కో మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటూ ప్రాణాల మీదికి తెచ్చుకుంటాడు. ఇయోబార్డ్ తన కాలానికి తిరిగి వెళ్లకపోతే జరిగిపోయినవన్నీ మారిపోతాయట, అందుకని అతన్ని వదిలేయక తప్పలేదు. కొన్ని గంటలు బంధిస్తేనే చరిత్ర కదిలిపోతుందంటే, వంశాన్నే తుడిచేసినప్పుడు ఎందుకు కదల్లేదు? పదకొండు ఎపిసోడ్ల తేడాలో ఒకే సీరియల్ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పింది.

ఆ తర్వాత ఇయోబార్డ్ రాకపోకలకు అడ్డే లేదు. అనుబంధ సీరియల్ ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’ రెండో సీజన్ ఈ చిక్కును కాస్త నిజాయితీగా తలకెత్తుకుంది. అక్కడ అతను ఉండకూడని మనిషి కాబట్టి బ్లాక్ ఫ్లాష్ అనే మృత్యురూపం వెంటాడుతూ ఉంటుంది, అతను ఒక్కచోట నిలవకుండా పరుగెత్తుతూ ఉంటాడు. లొసుగునే కథావస్తువుగా మార్చుకున్న మంచి ఆలోచన అది. 2017 ఏప్రిల్‌లో బ్లాక్ ఫ్లాష్ అతన్ని బూడిద చేయడంతో లెక్క తేలిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో, ‘క్రైసిస్ ఆన్ ఎర్త్ ఎక్స్’లో, అతను మళ్లీ హాజరు. ఎలా బతికావని బారీ అడిగితే, మళ్లీ అదే ప్రశ్నా అన్నట్టు విసుక్కుని దాటేస్తాడు. రచయితలు తమ బద్ధకాన్ని విలన్ నోట పలికించారనే అనుకోవాలి.

మూడో సీజన్ విలన్ సావిటార్ దగ్గర, కారణం పోతే మనిషి మాయమవుతాడన్న ఈ నియమం మరోలా మారింది. అతను భవిష్యత్తులో బారీ నుంచే పుట్టిన మరో రూపం. బారీ ప్రేమించిన ఐరిస్ వెస్ట్ అతని చేతిలో చనిపోతేనే బారీ ఆ స్థితికి దిగజారతాడు, అప్పుడే సావిటార్ పుడతాడు. 2017 మేలో ఐరిస్ స్థానంలో బారీ బృందంలోని హెచ్‌ఆర్ ప్రాణమిచ్చాడు, ఐరిస్ బతికింది. అంటే సావిటార్ పుట్టుకకు కారణమే లేకుండా పోయింది. మరి ఎడ్డీ చావుతో ఇయోబార్డ్ నిమిషంలో మాయమైతే, సావిటార్‌కు మాత్రం ఒక ఎపిసోడ్ పొడవునా గడువు దొరికింది. చివరి పోరాటం ఉండాలి కదా.

అన్నీ తప్పులే అనడం అన్యాయం. తల్లిని కాపాడడానికి బారీ 2000కి వెళ్లి చరిత్ర మార్చడం, 2016 అక్టోబర్‌లో మూడో సీజన్ మొదట్లో దాన్ని మళ్లీ సరిదిద్దబోవడం చాలామంది ప్రేక్షకులు లొసుగుల్లో కలిపేస్తారు. అది లొసుగు కాదు, పాత్ర చేసిన తెలివితక్కువ పని. తెలివైనవాడు దుఃఖంలో తప్పటడుగు వేయడం కథే. దానికి మూల్యం కూడా చూపించారు. వెనక్కి వచ్చేసరికి సిస్కో అన్న బతికి లేడు, ఐరిస్‌కూ తండ్రికీ మాటల్లేవు. స్నేహితుడు జాన్ డిగుల్‌కు సారా అనే కూతురు ఉండేది, ఇప్పుడు ఆ స్థానంలో కొడుకున్నాడు. ఆ పాప ఉన్నట్టు ఆ తండ్రికి జ్ఞాపకం కూడా లేదు. మరో భూమికి చెందిన ఫ్లాష్ జే గారిక్ బారీని ఒక హోటల్‌లో కూర్చోబెట్టి, కాఫీ కప్పు పగలగొట్టి, అతికించినా ఆ కప్పు మునుపటిది కాదని చూపిస్తాడు. ఇంత బాగా రాసిన చోట కూడా ఒక చిల్లు మిగిలింది. కాలంతో ఆటలాడేవాళ్లను శిక్షించడానికి టైమ్ రెయిత్‌లనే భూతాలుంటాయని అంతకు ఆరు నెలల ముందే, రెండో సీజన్‌లో, చెప్పారు. సీరియల్ మొత్తంలో కాలాన్ని ఇంతగా చెడగొట్టిన రోజున అవి బారీ జోలికి రాలేదు.

భవిష్యత్తు పత్రిక తేదీది ఇంకో తమాషా. మొదటి ఎపిసోడ్ ముగింపులో వెల్స్ రహస్య గదిలో 2024 ఏప్రిల్ 25 నాటి పత్రిక కనిపిస్తుంది. ‘క్రైసిస్’లో ఫ్లాష్ అదృశ్యమయ్యాడన్నది అందులోని వార్త. అప్పటికి అది చాలా దూరపు తేదీ. మాతృక అనదగ్గ ‘యారో’ సీరియల్ ముగింపుకు వస్తుండడంతో ఆ మహాసంఘటనను ముందుకు జరపవలసి వచ్చింది. 2019 మేలో, అయిదో సీజన్ చివర, పత్రిక మీద తేదీ 2019 డిసెంబర్ 10గా మారిపోయింది. కాలరేఖ కదిలిందన్నది కథలోని కారణం. చానల్ క్యాలెండర్ కదిలిందన్నది అసలు కారణం, ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’లో ఫ్లాష్ భాగం ప్రసారమైంది సరిగ్గా ఆ రోజే. చెప్పుకోవలసింది ఏమిటంటే, ఈ అతుకు అతికింది. అయిదేళ్లుగా నాటిన విత్తనాన్ని పారేయకుండా వాడుకున్నారు.

నిజానికి అతుకులు వేయడం ఫ్లాష్‌కు టీవీకి రాకముందు నుంచే అలవాటు. బారీ ఆలెన్ 1956లో ‘షోకేస్’ నాలుగో సంచికలో పుట్టినప్పుడు, పాత ఫ్లాష్ జే గారిక్ అతనికి కామిక్ పుస్తకంలో పాత్ర మాత్రమే. 1961లో ‘ది ఫ్లాష్’ 123వ సంచికలో గార్డ్‌నర్ ఫాక్స్, కార్మైన్ ఇన్‌ఫాంటినో వాళ్లిద్దరినీ కలిపారు. ఇద్దరూ నిజమే, వేరువేరు భూముల మీద ఉన్నారని చెప్పారు. బహుళ విశ్వాల గొడవంతా ఆ సర్దుబాటు నుంచి పెరిగిందే. భూములు పెరిగి లెక్క తప్పాక 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ పేరుతో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ వాటిని ఒకటి చేశారు. ఆ కథలో ప్రాణమిచ్చింది బారీయే. 2011లో ‘ఫ్లాష్‌పాయింట్’ మరోసారి అన్నీ మొదటికి తెచ్చింది. టీవీ సీరియల్ ఆ మందులన్నీ వాడింది. 2020 జనవరిలో భూములు కలిసిపోయినప్పుడు డిగుల్‌కు కూతురు తిరిగి వచ్చింది, కొడుకూ ఉన్నాడు. తండ్రికి సంతోషమే, మూడో సీజన్‌లో బారీ మోసిన నేరభారం మాత్రం వెనక్కి చూస్తే తేలిపోయింది.

వేగం లెక్క ఇంకో పెద్ద లొసుగు. మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లోనే బారీ 5.3 మైళ్ల దూరం నుంచి ధ్వనిని మించిన వేగంతో వచ్చి ఒకే గుద్దుతో ఉక్కు మనిషిని పడగొట్టాడు. మామూలు మనిషికి ట్రిగ్గర్ నొక్కడానికి సెకనులో అయిదో వంతు పడుతుందనుకుంటే, ధ్వని వేగంతో వచ్చేవాడు ఆలోపు దాదాపు 68 మీటర్లు దాటతాడు. అయినా కెప్టెన్ కోల్డ్ అనే మామూలు దొంగ చేతిలోని మంచు తుపాకీకి అతను ఎన్నిసార్లు దొరికాడో. నాలుగో సీజన్‌లో, 2018 మార్చిలో, ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. నగరం నడిబొడ్డున అణుబాంబు పేలడం మొదలవుతుంది. బారీ ఆ పేలుడు కంటే వేగంగా కదులుతూ, బొమ్మల్లా నిలిచిపోయిన మనుషుల మధ్య పరుగెడుతూ, స్నేహితులను ఒక్కొక్కరినీ కాసేపు తన వేగంలోకి లాగి సలహా అడుగుతాడు. కాళ్లు తేలిపోతుంటాయి, ఊపిరి అందదు, ఆగితే ఊరు బూడిద. సీరియల్ తీసిన అత్యుత్తమ ఎపిసోడ్లలో ఇదొకటి. చిక్కల్లా దాని తర్వాతే. అణు విస్ఫోటనాన్ని దాటినవాడు ఆపై వారాల్లో విలన్ ఎదుట నిలబడి అతని ప్రసంగమంతా విని, మరీ దెబ్బ తింటుంటే నమ్మేదెలా? సూపర్‌మ్యాన్ రచయితలకు అతని బలాన్ని హరించే క్రిప్టోనైట్ ఉంది. ఇక్కడ హీరో బలానికి హద్దు గీయడం మరిచిపోయి, అవసరమైనప్పుడల్లా అతని తెలివికి హద్దు గీశారు.

స్టార్ ల్యాబ్స్ కింద సొరంగంలో శక్తిమంతులైన నేరస్థులను బంధించిన గదుల గురించి, వాటిలో మరుగుదొడ్డి ఏదని వెటకారం చేసేవాళ్లు చాలామంది. తెర మీద చూపించనిదంతా లొసుగు కాదు. అడగవలసింది వేరే ఉంది. కోర్టు లేదు, కేసు లేదు, వకీలు లేడు. ఆ చెర నడిపేవాళ్లలో ఒకరు పోలీసు డిటెక్టివ్, మరొకరు అదే శాఖ ఉద్యోగి, అదీ తండ్రి అన్యాయంగా జైల్లో మగ్గుతున్నాడని కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఈ వైరుధ్యం కథకు బంగారు గని. మొదటి సీజన్ చివర్లో కొంచెం గోకి వదిలేశారు.

ఇన్ని చిల్లులు పడడానికి రచయితల తెలివితక్కువతనం కారణం కాదు. మొదటి అయిదు సీజన్లలో ఏడాదికి 22, 23 ఎపిసోడ్లు కావలసి వచ్చాయి. ఒక్కోదాన్ని ఒక్కొక్కరు రాస్తారు, ఒకటి ప్రసారమవుతుంటే ఇంకొకటి రాస్తుంటారు. తొమ్మిదేళ్లలో పగ్గాలు ఆండ్రూ క్రైస్‌బర్గ్ నుంచి టాడ్ హెల్బింగ్‌కు, అతని నుంచి ఎరిక్ వాలెస్‌కు మారాయి. 2020లో కోవిడ్ వల్ల ఆరో సీజన్ 19 ఎపిసోడ్ల దగ్గర ఆగిపోయి, దాని ముగింపు ఏడో సీజన్ మొదట్లో వచ్చింది. అదే వేసవిలో ఒక ప్రధాన నటుడిని తొలగించడంతో ఆ పాత్రనే సాగనంపారు. మన డైలీ సీరియళ్లలోనైతే సోమవారం కొత్త ముఖం వచ్చేది, కథ ఆగేది కాదు. ఇవన్నీ అర్థం చేసుకోదగ్గ ఇబ్బందులే. ఇయోబార్డ్ రాకపోకలకు మాత్రం ఇవేవీ సాకులు కావు. అతన్ని రప్పించింది ఆ పాత్రను ఎక్కువగా పోషించిన టామ్ కావనా నటన బాగుండడం, విలన్‌కు గిరాకీ ఉండడం.

మనిషి గాలి కంటే వేగంగా పరుగెత్తుతాడంటే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. ఎందుకని అడగడు కూడా. ఒప్పుకున్న నియమాన్ని తన వెనకాల మారిస్తేనే అతనికి కోపం. 2023లో ఆఖరి సీజన్ ఎడ్డీని కూడా కోబాల్ట్ బ్లూ పేరుతో బతికించి తెచ్చింది. సీరియల్ మొత్తానికీ బరువిచ్చిన ఆ ఒక్క చావునూ అలా వాపసు తీసుకున్నారు. కొత్తగా చూడాలనుకునేవాళ్లు మొదటి సీజన్ 23 ఎపిసోడ్లు చూస్తే చాలు. చివర ఆకాశంలో తెరుచుకునే సుడిగుండం సంగతి పక్కన పెడితే, కథ అక్కడే పూర్తయింది.