కూలీ ఇంటి అప్పుకు స్కోరు గండం

ఇల్లు మారాలంటే అప్పు కావాలి. అప్పు కావాలంటే ఇప్పుడు స్కోరు కావాలి. వెనక ఆస్తి ఉందా, హామీ ఉందా అని అడిగిన బ్యాంకు ఇవాళ వాటికి తోడు సిబిల్ నంబరు అడుగుతోంది. 300 నుంచి 900 దాకా ఉండే ఈ అంకె తక్కువైతే, తనఖాకు స్థలం చూపించినా దరఖాస్తు పక్కకు పోతుంది. వాగు ఒడ్డు రేకుల కొంప వదిలి మండల కేంద్రానికి మారదాం, పిల్లల్ని అక్కడ చదివిద్దాం అనుకునే వ్యవసాయ కూలీ కుటుంబానికి ఇదొక కొత్త గోడ.

ఈ అంకె ఎక్కడ పుడుతోంది? 2005లో వచ్చిన పరపతి సమాచార సంస్థల చట్టం కింద దేశంలో నాలుగు కంపెనీలు పనిచేస్తున్నాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, మైక్రోఫైనాన్సు వాళ్ళు మన వాయిదాల లెక్కంతా వీటికి పంపుతారు. వాయిదా గడువులో కట్టామా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. ఎందుకు కట్టలేకపోయామో రాసుకోవడానికి ఆ లెక్కలో చోటు లేదు.

వాయిదా నెల నెలా వస్తుంది. కూలి నెల నెలా వస్తుందా? నాట్లకు పని, కలుపుకు పని, కోతకు పని, నడుమ ఖాళీ. వాన రాకపోయినా పని పోతుంది, ముంచెత్తినా పోతుంది. కాబట్టి మన స్కోరు పడేది నిజాయితీ తక్కువై కాదు, పనిదినాలు తక్కువై. ఇంకో అన్యాయం చూడండి. వడ్డీ వ్యాపారికి పైసలతో సహా తీర్చిన బాకీ ఏ రికార్డుకూ ఎక్కదు. ప్రామిసరీ నోటు చించేసిన రోజే మన మంచి చరిత్ర కూడా చిరిగిపోతుంది.

2010 సంగతి మరువరాదు. మైక్రోఫైనాన్సు కంపెనీల వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్ళు ఆగాయి. ఊరట దొరికిన మాట నిజమే. కానీ ఆగిన బాకీలు లక్షలాది మహిళల పేర్ల మీద ఎగవేతలుగా రికార్డుకెక్కాయి. వేధించిన కంపెనీకి స్కోరు లేదు. వేధింపులు పడ్డ మనిషికే మచ్చ!

బ్యాంకు పొమ్మంటే కుటుంబం ఇల్లు ఆలోచన మానుకుంటుందా? ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఫైనాన్సు కంపెనీ గడప తొక్కుతుంది. లెక్క వేసి చూద్దాం. 5 లక్షల అప్పు, 20 ఏళ్ళ గడువు. నూటికి ఏటా 9 వడ్డీ అయితే నెల వాయిదా సుమారు 4,500 రూపాయలు. 15 అయితే సుమారు 6,580. నెలకు 2,080 పైచిలుకు తేడా. 20 ఏళ్ళకు ఆ తేడా ఒక్కటే 5 లక్షలు! అంటే స్కోరు తక్కువన్న పేరుతో పేదవాడి చేత రెండో ఇంటి ఖరీదు కూడా కట్టిస్తున్నారన్న మాట. పైగా వాయిదాలు తప్పితే 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వెయ్యకుండానే తనఖా ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? ఒక్కో కంపెనీ నుంచి ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా పొందే హక్కు ప్రతి మనిషికీ ఉంది. దళారీకి డబ్బులిచ్చే పనిలేదు. స్కోరు పెంచిస్తామనే వాళ్ళను నమ్మవద్దు. రిపోర్టులో మనది కాని అప్పుందా, తీర్చిన అప్పు ఇంకా బాకీగా ఉందా చూసుకోవాలి. తప్పుంటే ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. బాకీ రాజీకొచ్చి కొంత తగ్గించి కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అదీ మచ్చే. పూర్తిగా తీర్చినవారు "క్లోజ్డ్" అని పడేదాకా వదలకూడదు. బాకీ లేదన్న కాగితం రాయించుకుని భద్రం చేసుకోవాలి.

కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు నిర్ణయించలేదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖే లోక్‌సభలో చెప్పింది. మొదటిసారి అప్పుకొచ్చినవారిని పాత చరిత్ర లేదన్న ఒక్క సాకుతో తోసెయ్యరాదనీ చెప్పింది. అప్పు నిరాకరించే బ్యాంకు కారణం రాసివ్వాలన్న నియమమూ ఉంది. "పైనుంచి రాలేదు" అన్న మాటతో తిరిగి రావద్దు, కాగితం అడగండి.

అయితే ఒక్కొక్కరం రిపోర్టులు దిద్దించుకున్నంత మాత్రాన గోడ కూలదు. పంట కాలాలను, కూలి దొరికే నెలలను చూసి వాయిదాలు పెట్టాలి. 2010 నాటి మచ్చలు ఎవరి పేరునైనా ఇంకా ఉంటే తుడిచెయ్యాలి. పేదల ఇంటి అప్పుకు స్కోరు బదులు ప్రభుత్వమే హామీ పడాలి. సంఘం కార్యకర్తలు ఊరూరా ఈ రిపోర్టులు తీయించి, బ్యాంకులు నిరాకరించిన కాగితాలు పోగుచేస్తే ఈ కోర్కెలకు బలం వస్తుంది. ఒక్కడి కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యగలరు. వందమంది కాగితాలు ఒక్కసారి బల్ల మీద పెడితే జవాబు చెప్పక తప్పదు.