ఇంటి పరికరములు: ఇస్త్రీపెట్టెలోని మూడవ తీగ



ఇస్త్రీపెట్టె త్రాడు చిరిగినను, ప్లగ్గు కాలినను ప్రతిసారియు దుకాణమునకు మోయవలసినదేనా, ఇంటనే బాగుచేసికొనరాదా యని కొందరు అడుగుచున్నారు. నిస్సందేహముగ బాగుచేసికొనవచ్చును. త్రాడు మార్చుటకు కావలసిన నేర్పు జడ యల్లుటకు కావలసిన నేర్పుకంటె హెచ్చు కాదు. అయితే పరికరము తిరిగి నడచినంత మాత్రమున అది బాగుపడినదని యెంచుట గొప్ప పొరపాటు. ఆ పొరపాటు మా కుటుంబముననే జరిగినది గనుక ముందుగ దానినే చెప్పెదను.

మా వదినగారి ఇస్త్రీపెట్టె త్రాడు, పెట్టెలో ప్రవేశించు చోట వంగి వంగి, నూలుతొడుగు చిరిగి తీగలు బయటపడినవి. సమీపమున నున్న యొక దుకాణమునకు పంపగా గంటలో క్రొత్తత్రాడు వేసి యిచ్చిరి. ఆ త్రాడులో రెండే తీగలును, ప్లగ్గునకు రెండే పిన్నులును ఉండుట చూచి నేను సందేహించితిని. "అమ్మాయీ, మునుపటికంటె త్వరగా కాగుచున్నది. ఇంకేమి కావలెను?" అని ఆమె నవ్వినది. నేనును ఊరకుంటిని. అట్లు ఊరకుండుట నా తప్పు.

రెండు సంవత్సరములు ఏ బాధయు లేదు. ఎప్పుడైన చేయి కొంచెము జుమ్మనినచో చెప్పులు తొడుగుకొని పని కానిచ్చెడిది. ఈ చెప్పుల చిట్కా నేను ఎన్ని యిండ్లలో వింటినో లెక్కలేదు! ఒక శ్రావణ శుక్రవారమున ఆమె తలంటుకొని, తడికాళ్లతో వచ్చి, పేరంటమునకు కట్టుకొనవలసిన చీరను ఇస్త్రీ చేయబోయి పెట్టె ప్రక్కరేకును తాకినది. కేకవేసి వెనుకకు విరుచుకొని పడినది. చేయి రేకును పట్టుకొనక విడిపోవుటచే ప్రాణము దక్కినది. మోచేతి యెముక మాత్రము చిట్లినది.

పెట్టెను విప్పించి చూడగా, లోపలి తీగ యొకదానిపై తొడుగు వేడికి పెళుసెక్కి రాలిపోయి, తీగ రేకునకు తగులుచుండెను. ఇంత జరుగుచున్నను పెట్టె యెప్పటివలెనే కాగుచుండెను. మఱి ప్రతిదినము ఏల కొట్టలేదు? రెండుపిన్నుల ప్లగ్గు ఎట్లు త్రిప్పి పెట్టినను పట్టును. ఒక తీరున పెట్టిన దినమున రేకును తాకిన తీగ న్యూట్రలు. తిరుగవేసి పెట్టిన దినమున అదియే ఫేజు. దానికితోడు పొడినేలయు, చెప్పులును అపాయమును కప్పిపుచ్చుచు వచ్చినవి.

ఫేజు తీగ విద్యుత్తును తెచ్చును. న్యూట్రలు తీగ దానిని మరల గొనిపోవును. పెట్టె కాగుటకు ఈ రెండును చాలును. మూడవదియైన ఎర్తుతీగ పెట్టె రేకునకు బిగింపబడి, ప్లగ్గులోని పెద్దపిన్ను ద్వారా భూమిలోనికి పోవును. దానికి సాధారణముగ పనియే లేదు. నూతికి పిట్టగోడ యెట్టిదో యిది యట్టిది. నీరు చేదుటకు గోడ యక్కరలేదు. ఫేజు రేకును తాకిననాడు మాత్రము విద్యుత్తు ఆ తీగవెంట భూమికి ఉరుకును, ఫ్యూజు తక్షణమే పోవును. పెట్టె పనిచేయుట మానివేసి మనకు తెలియజేయును. ఎర్తు లేనినాడు ఆ దారి మన దేహమే యగును.

"మా యింట ఫ్యూజున్నది గదా" యని కొందరు ధైర్యపడుదురు. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4 ఆంపియర్లకు పైగా తీసికొనును. మనుష్యదేహమునకో, ఆంపియరులో నూరవవంతు ప్రవహించినను పిడికిలి బిగిసి విడువరాకపోవచ్చును. అందుకు మూడింతలు మించిన ఊపిరికిని గుండెకును అపాయము. 6 ఆంపియర్ల ఫ్యూజునకు ఇంత సూక్ష్మమైన ప్రవాహము కనబడనే కనబడదు. ఎం.సి.బి.యు అంతియే. అవి తీగలను కాపాడును, మనలను కాదు. మనుష్యులను కాపాడుటకై 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యను సాధనము కలదు. అది మీ బోర్డులో నున్నచో దానిపై టెస్టు మీట యుండును. మూడు నెలల కొకసారి నొక్కి చూడుడు. నొక్కగనే విద్యుత్తు నిలిచిపోవలెను.

ఇక త్రాడు మార్చు పని. ముందుగ ప్లగ్గును గోడనుండి ఊడబెరుకవలెను. స్విచ్చి ఆర్పుట చాలదు. కొన్ని యిండ్లలో స్విచ్చిని తప్పుగ న్యూట్రలు తీగలో బిగించియుందురు, అట్టిచోట ఆర్పినను ఫేజు పెట్టెవఱకు వచ్చుచునే యుండును. పెట్టె పూర్తిగ చల్లారిన పిదప వెనుకమూత విప్పి, ఏ తీగ యెచట నున్నదో ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనుడు. క్రొత్తత్రాడు మూడుతీగలదియు, నూలుతొడుగు గలదియు కావలెను. ప్లాస్టిక్ త్రాడు కాగిన పెట్టె తగిలిన కరగును. తీగ మందము 0.75 చదరపు మిల్లీమీటరునకు తగ్గరాదు.

రంగులయందు పొరబడరాదు. ఇప్పటి త్రాళ్లలో గోధుమరంగుది ఫేజు, నీలిది న్యూట్రలు, ఆకుపచ్చపై పసుపుచార గలది ఎర్తు. పాతవానిలో ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. ప్లగ్గు విప్పి, పెద్దపిన్ను పైకుండునట్లును పిన్నులు మీకు ఆవలివైపున నుండునట్లును పట్టుకొన్నచో ఫేజు కుడిచేతివైపు వచ్చును. తీగపోగులను పురిపెట్టి, మర తిరుగు దిక్కుననే దానిచుట్టు చుట్టవలెను. అపుడు బిగించుకొలది తీగ లోనికి పోవునుగాని వెలికి రాదు. ప్లగ్గులో ఎర్తుతీగను తక్కిన రెంటికంటె ఒక వ్రేలివెడల్పు పొడవుగ విడువుడు. ఎవరైన త్రాడు పట్టి లాగినచో అది అందరికంటె కడపట ఊడవలెను. త్రాటిని నొక్కిపట్టు బిళ్ల పైతొడుగుమీద కూర్చుండవలెను, లోపలి తీగలమీద కాదు. త్రాటి నడుమ అతుకులు వేసి టేపు చుట్టుట ఇస్త్రీపెట్టె విషయమున ఎన్నడును పనికిరాదు.

గోడలో పెట్టుటకు ముందు చేయవలసిన పరీక్షయే ఈ పనిలో ముఖ్యము. మల్టీమీటరు యొక్క ఒక కొసను ప్లగ్గులోని పెద్దపిన్నునకును, రెండవ కొసను పెట్టె అడుగురేకునకును ఆనించిన అది కూయవలెను. పెద్దపిన్నును వదలి చిన్నపిన్నులను ఒక్కొక్కటిగ రేకుతో పరీక్షించిన కూయరాదు. పెట్టె మీటను త్రిప్పి యుంచి, రెండు చిన్నపిన్నుల నడుమ ఓములు కొలిచినచో 1000 వాట్ల పెట్టెకు ఇంచుమించు 50 కనబడును. ఈ మూడింటిలో ఏది తప్పినను పెట్టెను గోడకు తగిలింపరాదు.

పెట్టెలో ఎర్తున్నను గోడలో లేకున్న ఫలమేమి? ఇంటి ఎర్తు గొయ్యిని కరెంటు మేస్త్రీచేత ఏటేట కొలిపింపుడు. ఉప్పు, బొగ్గు వేసిన పాతరకపు గొయ్యి యైనచో, ఎండకాలమున నేల యెండినపుడు దానిలో బిందెడు నీరు పోయుచుండవలెను. మూడవపిన్ను పట్టుటలేదని దానిని విరుగగొట్టుటయు, రెండుపిన్నుల బిళ్ల తగిలించుటయు నేను చూచితిని, సాకెట్టునే మార్పింపుడు. జుట్టు ఆరబెట్టు సాధనము వంటి కొన్నిటికి పుట్టుకతోనే రెండు పిన్నులుండును. వానిపై ఒక చదరములో మఱియొక చదరము గుర్తు కనబడినచో లోపల రెండు వరుసల రక్షణ కలదని యర్థము. వానికి ఎర్తు అక్కరలేదు.

మైక్రోవేవ్ పొయ్యిని మాత్రము ఎవరును ఇంట విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలోని కెపాసిటరు ప్రాణాంతకమైన విద్యుత్తును దాచియుంచుకొనును. పనిచేయునపుడు అందలి వోల్టులు 2000కు పైబడును. నీళ్లు కాచు హీటరుకడ్డీ పగిలినచో పారవేయుడు. అది బాగుపడునది కాదు. కడ్డీ నీటిలో నుండగా ప్లగ్గు తీయక, నీరు కాగెనా యని వ్రేలు ముంచు అలవాటు వెంటనే మానవలెను.

ఎవరినైన విద్యుత్తు పట్టినచో వారిని తాకకుడు. మెయిను స్విచ్చి ఆర్పుడు. అది అందనిచో పొడి పీటపై నిలిచి, ఎండినకఱ్ఱతో త్రోసి విడదీయుడు. శ్వాస లేనిచో 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండుచేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మార్లు గట్టిగ నొక్కుచుండవలెను. తెప్పరిల్లినను వైద్యునకు చూపింపక మానరాదు.

మొన్న మా వదినగారు మా యింటికి వచ్చి, క్రొత్తగా కొన్న కెటిలును చూచి, దాని రంగును గాని వెలను గాని యడుగక, ప్లగ్గును చేతిలోనికి తీసికొని పిన్నులు లెక్కించినది. మిక్సీ, గ్రైండరుల సంగతి వచ్చు మాసమున వ్రాసెదను.