బడిలో పొయ్యి ఉంది.. పాఠమే లేదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజన పథకం మొదలైంది. నాటి నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు వేడి అన్నం అందుతోంది. అయినా పదో తరగతి దాటి వెళ్లే విద్యార్థుల్లో అధిక శాతానికి పప్పు ఉడికించడం రాదు. కూరగాయలను కోయకముందే ఎందుకు కడగాలో తెలియదు. విటమిన్ల పట్టిక మాత్రం తడుముకోకుండా అప్పజెబుతారు. పుస్తకంలో ఆహారం పాఠంగా ఉంది, పళ్లెంలో అన్నంగా ఉంది. ఈ రెండింటికీ నడుమ పిల్లల చేతికి పని లేకుండా పోయింది.

అనంతపురం వంటి జిల్లాలో ఈ లోటు మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. వేరుసెనగ పండే నేల ఇది. రాగి సంకటి ఇక్కడి తిండి. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి 2020లో వేరుసెనగ చిక్కీని, 2023 మార్చిలో రాగిజావను జోడించారు. వాటిని ఎందుకు ఇస్తున్నారో పిల్లలకు విడమరచి చెప్పే తీరిక ఎందరికుంది? విరామం గంట కొట్టగానే వారి అడుగులు రంగు పొట్లాలు వేలాడే దుకాణం వైపే. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన పదార్థాలను బడికి 50 మీటర్ల లోపు అమ్మరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. అది దుకాణదారును ఆపితే ఆపవచ్చు గానీ, సంతలో పిల్లవాడి చేతిని ఆపలేదు.

పరిస్థితి తీవ్రత తెలిసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు.

తరగతి గదిలో వంట అనగానే గ్యాస్ బండ గుర్తుకు రానక్కరలేదు. నిప్పు లేకుండానే చాలా నేర్పవచ్చు. పెసలను తూచి నానబెట్టి, మర్నాడు మళ్లీ తూస్తే అది లెక్కల పాఠం. తడి గుడ్డలో మూటగట్టి మొలక వచ్చేదాకా గమనిస్తే విజ్ఞాన శాస్త్రం. ఆ మొలకల్లో దోసకాయ ముక్కలు, ఉల్లి కలిపి నిమ్మకాయ పిండితే ఫలహారం సిద్ధం. నిమ్మరసంలోని సి విటమిన్ వల్ల మొలకల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని, తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుందని అప్పుడు చెబితే మరచిపోరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. ఆ ఉప్పును కాగితంలో పోసి చూపి, పక్కనే ఖాళీ చిప్స్ పొట్లం మీది అంకెలు చదివిస్తే ఉపన్యాసం అవసరముండదు.

అయితే పిల్లలను వంట కార్మికులకు సాయంగా బియ్యం ఏరడానికి, గిన్నెలు తోమడానికి పంపితే అది పాఠం కాదు, చాకిరీ. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది చిన్నారులు మరణించారు. అందువల్ల ఈ అభ్యాసం ఆనాటి భోజనం వండే చోట జరగరాదు. టీచరు కళ్లెదుట, చేతులు కడిగించాకే మొదలుపెట్టాలి. చిన్న తరగతులకు కత్తి ఇవ్వరాదు. వేరుసెనగ పడని పిల్లలెవరో ముందే అడగాలి. ఇంట్లో ఎలాగూ పొయ్యి దగ్గరకు పంపేది ఆడపిల్లనే. బడిలోనూ వారు కోస్తే మగపిల్లలు తినే పద్ధతయితే ఈ శ్రమ దండగ.

నేర్పేవారి కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేదు. బడిలో వండే అమ్మలకు ఊరుబిండి నుంచి జొన్నరొట్టె దాకా తెలుసు. వారిని నెలకో పీరియడు తరగతికి పిలిస్తే పిల్లల కళ్లలో వారికీ గౌరవం పెరుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సూచించిన పది రోజుల పుస్తక సంచి లేని చదువులోనూ దీనికి చోటివ్వవచ్చు.

ఖర్చు కూడా స్వల్పమే. యాభై మందికి కిలో పెసలు, పది నిమ్మకాయలు, రెండు కిలోల దోసకాయలు చాలు. విద్యాహక్కు చట్టం మేరకు బడి యాజమాన్య కమిటీ సభ్యుల్లో సగం మంది మహిళలే ఉండాలి. వచ్చే సమావేశంలో ఈ కిలో పెసల సంగతిని చర్చకు పెట్టడం వారి చేతిలోని పనే.