వసతిగృహము గృహమగుట యెట్లు?

వసతిగృహమును ఇల్లువలె చేయుటకు నేడు చెప్పబడు ఉపాయములు చిత్రమైనవి. గోడకు రంగు, కిటికీకి తెర, మంచముపై పువ్వుల దుప్పటి యున్న చాలునట! మన మనలిలో, 1965లో మద్రాసు రిఫైనరీసు సంస్థ ఏర్పడిన పిదప, కర్మాగారముల నీడను ఎన్నియో సంసారములు కుదురుకొన్నవి. కిటికీ తెరచిన చమురు వాసన వచ్చు ఆ యిండ్లు ఇండ్లు కాకపోయినవా? రాత్రిపాళి ముగించి వచ్చిన తండ్రి చెప్పులు విడువకముందే "పిల్లవాడు తిన్నాడా?" యని అడుగును. ఇల్లనగా ఆ విచారణయే.

ఆ పిల్లవాడు విశ్వవిద్యాలయ వసతిగృహము చేరిన పిమ్మట ఆ మాట అడుగువారెవరు? హాజరుపట్టీ యతడు గదిలో నున్నాడా లేడా యనునంతవఱకే చూచును. మూడు దినములుగా భోజనమునకు ఏల రాలేదో చూడదు. విద్యార్థుల ఆత్మహత్యల నరికట్టు మార్గములు సూచించుటకు 2025 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానమే జాతీయ కార్యదళమును నియమింపవలసివచ్చినది. ఇట్టి కాలమున దుప్పట్ల రంగును గూర్చి చర్చించుట మనకు తగునా?

"వసతిగృహము చదువుటకే, ఇంటి లాలన అక్కడ నెట్లు దొరకును?" అని కొందఱందురు. మన పెద్దలట్లు తలంపలేదు. 1918లో రాజాబహద్దూరు వెంకటరామారెడ్డి గారి పూనికతో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలునకు, సురవరం ప్రతాపరెడ్డి గారంతటి పండితుడు నిర్వహణభారము వహించి, అందలి గ్రంథాలయమును పెంపొందించెను. మన చెన్నపట్టణముననే దుర్గాబాయి దేశముఖ్ గారు 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు పాఠమును నీడను కూడ సమకూర్చినది. పిల్లలను పేరుపెట్టి పిలుచు పెద్దదిక్కే యిట్టి గృహములకు బలము.

కావున అధికారులను మనము గట్టిగా అడుగవలెను. భోజనశాల నిర్వహణమున విద్యార్థులకు భాగముండవలెను. ప్రతి అంతస్తునందును అక్కడనే నివసించు ఉపాధ్యాయుడొకడుండవలెను. పండుగనాడు ఊరికి పోలేనివారికై పొయ్యి వెలుగవలెను.

అధికారులను నిందించి మనము తప్పించుకొనరాదు. పూర్వము బీద విద్యార్థి వారములు చేసికొని, దినమునకొక యింట భుజించి చదువుకొనెడివాడు. కులము చూచి గుమ్మము తెరచిన దోషము ఆ యాచారమున కలదు; ఆ దోషమును విడిచి అన్నమును నిలుపుకొనరాదా? సంఘములు బీరువా లిచ్చి వానిపై దాతల పేర్లు చెక్కించుట యింక చాలును. మనలిలోని ప్రతి తెలుగు కుటుంబమును నెలకొక ఆదివారము ఒక విద్యార్థికి విస్తరి వేయుగాక! ఈ నగరమున ఒక్క తెలుగు విద్యార్థియైనను ఉగాది పచ్చడి రుచి చూడక గదిలో ఒంటరిగా పండుగ గడపెనేని, ఆ లోపమునకు వార్డెనుకంటె ముందు మనము తల వంచవలెను.